అబద్ధాన్ని విప్పి చూపే పనితనం

వాట్సాప్‌లో తిరిగే మాట అబద్ధమని తేల్చడం ఒక ఎత్తు. ఎలా తేల్చామో చదివేవాడికి అడుగడుగునా చూపించడం మరో ఎత్తు. సమాచార హక్కు కార్యకర్త రాకేష్ దుబ్బుడు 2014లో హైదరాబాద్‌లో ప్రారంభించిన ఫ్యాక్ట్‌లీ ప్రచురించే తెలుగు నిజనిర్ధారణ కథనాలను నేను ముఖ్యంగా ఆ రెండో పని కోసమే చదువుతాను.

ఆ కథనాల కట్టుబడి చూడండి. జనంలో తిరుగుతున్న మాటేమిటో, ఫొటోగా వచ్చిందో వీడియోగా వచ్చిందో మొదటే చెబుతారు. నమ్మినవాళ్లను వెక్కిరించరు. తర్వాత క్లెయిమ్ ఒక వరుస, ఫాక్ట్ ఒక వరుస. తీరిక లేనివాళ్లు అక్కడితో ఆగిపోయినా అసలు సంగతి అందుతుంది. ఆ పోస్టును భద్రపరిచిన ఆర్కైవ్ లింకు కూడా ఇస్తారు. పెట్టినవాళ్లు రేపు దాన్ని తీసేసినా, అప్పుడు ఏమన్నారో ఎవరైనా చూడొచ్చు. ఆ తర్వాతే అసలు పరిశీలన. ప్రతి మెట్టుకూ ఆధారం లింకు ఉంటుంది. ఆఖర్న ‘చివరగా’ అంటూ తీర్పంతా ఒక్క వాక్యంలోకి కుదిస్తారు.

వరదల వేళ వచ్చే ఒక వీడియోనే తీసుకుందాం. ఎక్కడిదో వంతెన కొట్టుకుపోతుంటుంది, కింద మన ఊరి పేరుంటుంది. పరిశీలించేవాళ్లు ఆ వీడియోలోంచి కొన్ని ఫ్రేములు విడదీసి, గూగుల్ లెన్స్ వంటి సాధనాల్లో వేసి, అదే దృశ్యం అంతకుముందు ఎక్కడైనా వచ్చిందా అని వెతుకుతారు. ఇక్కడున్న తర్కం నాకెంతో ఇష్టం. ఈ ఏడాది జరిగిందంటున్న దృశ్యం కిందటేడాది పోస్టులో ఒక్కచోట కనబడితే చాలు, ఆ మాట కూలిపోతుంది. కానీ ఎంత వెతికినా పాతది దొరకలేదంటే, అది కొత్తదని రుజువైనట్టు కాదు. అప్పుడు దుకాణాల బోర్డుల మీది భాష, బండి నంబరు ముందుండే రాష్ట్రం అక్షరాలు, వంతెన స్తంభాల ఆకారం ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. ఈ ఓపిక లేకుండా తొందరపడి రాసే ఖండన కూడా ఇంకో పుకారే.

తీర్పు మాటల్లోనూ అదే జాగ్రత్త. కల్పించినదైతే ‘తప్పు’ అంటారు. వీడియో నిజమే అయినా తేదీనో ఊరినో మార్చి తిప్పితే, సందర్భాన్ని బట్టి ‘తప్పుదోవ పట్టించేది’ అంటారు. మనల్ని ఎక్కువగా మోసం చేసేవి ఈ రెండో రకమే. కళ్లకు కనబడేది నిజమే కావడంతో చెవికి చెప్పిందీ నిజమే అనుకుంటాం.

పాయింటర్ సంస్థ నడిపే అంతర్జాతీయ నిజనిర్ధారణ నెట్‌వర్క్ నియమావళి ఇలాంటి సంస్థలను కోరేవాటిలో ఇదీ ఒకటి: పాఠకుడు తనంతట తాను ఆ పరిశీలన మళ్లీ చేసుకోగలిగేలా ఆధారాలు చూపించాలి.

కోనసీమ వాళ్లకు ఇలా సరిచూసుకునే అలవాటు కొత్తదేమీ కాదు. గోదారి పోటెత్తితే లంకల్లో ముందు అడిగేది భద్రాచలంలో ఎన్ని అడుగులని. అక్కడ 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలు. ఆ నీరు కిందికి దిగాక ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75. 2022 జులైలో భద్రాచలం 71 అడుగులు దాటినప్పుడు కూడా, గట్టు మీద ఎవరేం చెప్పినా పెద్దవాళ్లు బ్యారేజీ లెక్క వచ్చేదాకా ఊరుకోలేదు. చెప్పిన మాటను కొలతతో సరిచూడటం, ఆ కొలత ఎవరు తీశారో అడగడం ఏటి పక్కన బతికేవాళ్లకు చిన్నప్పట్నుంచీ తెలిసిన పనే. వార్త విషయంలో మాత్రం అదే మనిషి ఆ ప్రశ్న వేయకుండానే ఫార్వర్డ్ నొక్కేస్తాడు.

అదే ఏడాది మే 24న అమలాపురం తగలబడింది. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టే ప్రతిపాదన మీద మొదలైన నిరసన, ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు కాలేదాకా వెళ్లింది. ఆ తర్వాత పుకార్లు పాకకుండా రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. పుకారు ఆగిందేమో గానీ, దాన్ని సరిచేసే కథనానికీ దారి మూసుకుపోయింది. సరిచూసుకునే నేర్పు ముందే చేతిలో లేకపోతే అలాంటి రోజుల్లో బయటినుంచి ఎవరూ వచ్చి అందించలేరు.

ఫ్యాక్ట్‌లీ తెలుగులో నాకు కొరతగా తోచేది ఒకటుంది. క్లెయిమ్, ఫాక్ట్ లాంటి మాటలు, ఆఫీసు కాగితంలా నడిచే వాక్యాలు చదువుకున్న కుర్రాళ్లకు పర్వాలేదు. రాజోలు సంతలో కొబ్బరికాయలమ్మే అవ్వకు అవి అందవు, పైగా ఆమెకు వచ్చేది వాయిస్ మెసేజి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ పుకార్లు లేచినప్పుడు, గద్వాల ప్రాంతంలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసులను ఊళ్లకు పంపి, డప్పు కొట్టి పాడే కళాకారుల చేత ఆ అబద్ధం గురించి పాడించారు. ఫ్యాక్ట్‌లీ కథనం పట్టుకున్నంత పకడ్బందీ ఆధారాన్ని ఆ పాట మోయలేదు. కానీ పాట చేరే గడపలకు ఆ కథనం చేరలేదు. ఒక లింకును, ఒక తేదీని, ఒక కొలతను వదలకుండానే అరుగు మీద కూర్చుని చెప్పుకోగలిగే తెలుగులో ఈ కథనాలు రాసేవాళ్లు కోనసీమలోంచి రావాలని నా ఆశ. ధవళేశ్వరం లెక్క అడిగి పెరిగినవాళ్లకు అందులో సగం పని ముందే వచ్చు.