కొలంబియా గోడ మీద క్యాలెండర్

మా వంటింటి క్యాలెండర్‌లో పాల లెక్క రాసేది మనవరాలే. పాలు పోయించుకున్న రోజు గడిని గీతతో కొట్టేస్తుంది, రాని రోజు సున్నా చుడుతుంది. అందుకేనేమో, కంప్యూటర్ తెర మీద అపోలో 11 నౌక గోడకు చేత్తో గీసిన చిన్న క్యాలెండర్ నాకంటే ముందు దాని కంట్లోనే పడింది. "అమ్మమ్మా, వీళ్లకీ పాల లెక్కుంది!" అని అరిచింది.

1969లో చంద్రుడి దాకా వెళ్లొచ్చిన ఆ నౌకలో వ్యోమగాములుండే భాగాన్ని కమాండ్ మాడ్యూల్ అంటారు. దాని పేరు కొలంబియా. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ దాన్ని లోపలా బయటా లేజర్లతో, ఫొటోలతో కొలిచి, 2016లో త్రీడీ నమూనాగా వెబ్‌సైట్‌లో పెట్టింది. మ్యూజియానికి వెళ్లినవాళ్లు కూడా అందులోకి అడుగుపెట్టలేరు. తెర మీదైతే సీట్ల పక్క సందుల్లోకీ దూరి చూడొచ్చు.

ఒకప్పుడు మౌస్ నేనే పట్టుకుని పాఠం మొదలుపెట్టేదాన్ని. రెండు నిమిషాల్లో పిల్ల చూపు కిటికీ మీదకి పోయేది. ఇప్పుడు మౌస్ దానికిచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంటాను. అడిగితే ఇంగ్లిష్ మాటకు అర్థం చెబుతాను, అంతే. కొలంబియాలో ఒక అర మీద వ్యోమగాముల చేతిరాత ఉంది. కంపుకొట్టే చెత్త అని దాని అర్థం. అది తెలిశాక పడీపడీ నవ్వి, ఉన్నట్టుండి ఆగింది.

"కిటికీ తెరవరు కదా, మరి కంపు ఎటు పోతుంది?"

ఇద్దరం కలిసి వెతికాం. వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడానికి డబ్బాల్లో లిథియం హైడ్రాక్సైడ్ పెట్టారట. కంపు పట్టడానికి అందులోనే బొగ్గు. బొగ్గు అనగానే దాని మొహం వెలిగిపోయింది. మా ఫ్రిజ్‌లో చేపల వాసనకు నేను పెట్టేదీ బొగ్గుముక్కే!

తెర ఇవ్వలేనిది ఒకటుంది, కొలత. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో, మన యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరం ముందు మెడ ఎత్తి నిలబడితే పెద్దతనమంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది. తెర మీద కొలంబియా అరచేతిలో ఇమిడే బొమ్మే. అందుకని సాయంత్రం వాకిట్లో మేకు కొట్టి, ఆరున్నర అడుగుల తాడు కట్టి, ముగ్గుపిండితో చుట్టూ గీత గీశాం. నౌక అడుగుభాగం బయటి వెడల్పు దాదాపు ఆ వలయమంత. అందులో మనవరాలు, దాని తమ్ముడు, నేను పడుకున్నాం. వాడి కాలు నా పొట్ట మీద పడింది.

"వాళ్లు ఎనిమిది రోజులు ఇందులోనేనా?" అన్నాడు వాడు.

మనవరాలు మాత్రం ఇంకా ఆ క్యాలెండర్ దగ్గరే ఉంది. ప్రయాణంలో ప్రతి రోజునూ కొట్టేశారు, సముద్రంలో దిగిన జులై 24 గడి ఒక్కటే అలాగే వదిలేశారు.

"ఎందుకంటావు?" అన్నాను.

"తలుపు తీశారుగా అమ్మమ్మా, ఇంక లెక్కెందుకు?"