తేలికైన చోటే కట్టుదిట్టం కావాలి

స్కూబా నేర్చుకోవాలనుకునే వాళ్లకు ముందుగా వినిపించే సలహా ఒడ్డు నుంచి దిగే చోటు చూసుకోమని. పడవ ఎక్కే పని లేదు, నడుచుకుంటూ నీళ్లలోకి వెళ్లొచ్చు, భయమేస్తే వెనక్కి రావచ్చు. సలహా మంచిదే. అయితే తేలికైన చోటు కదా, జాగ్రత్తలు కొన్ని తగ్గినా ఫరవాలేదన్న ధీమా దాని వెంటే వస్తుంది. దాన్ని మాత్రం నేను ఒప్పుకోను. కొత్తవాళ్లు దిగే చోటే అన్నిటికన్నా కట్టుదిట్టంగా ఉండాలి.

కారణం నీటి పీడనంలోనే ఉంది. నీటి పైన మన మీద ఉండే ఒత్తిడి 10 మీటర్ల లోతుకి వెళ్లేసరికి రెట్టింపవుతుంది. ఆ తర్వాతి 10 మీటర్లలోనూ పెరిగేది అంతే, కానీ అప్పటికే ఉన్న ఒత్తిడిలో అది సగమే. అంటే శరీరం అతి పెద్ద మార్పును చవిచూసేది అందరూ లోతు తక్కువని ధైర్యపడే ఆ మొదటి భాగంలోనే. చెవులు నొప్పి పెట్టేదీ అక్కడే. సిలిండర్ గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది. ప్రాణం మీదికి రావడానికి ఒకటి రెండు మీటర్ల లోతు కూడా చాలు. దీనికి తోడు ఒడ్డున 20 కిలోలకు పైగా బరువు మోస్తూ అలల్లో నడవాలి. మాస్క్ ఎప్పుడు పెట్టుకోవాలి, కాళ్లకు ఫిన్స్ ఎక్కడ తొడుక్కోవాలి, తూలితే గాలి అందించే రెగ్యులేటర్ నోట్లో ఉందా లేదా అన్నవి పడవ మీద ఉన్నంత తీరిగ్గా ఆలోచించుకునే విషయాలు కావు. ఏటవాలుగా దిగే ఒడ్డు మేలు చేసేది వీటన్నిటినీ నేర్పాకే. అప్పుడు అడుగడుగునా ఆగి చెవులు సర్దుకుంటూ దిగొచ్చు.

కరీబియన్ సముద్రంలో డచ్చివాళ్ల ఏలుబడిలో ఉన్న బొనేర్ దీవిని చూడండి. ఒడ్డు నుంచి దిగే డైవింగ్‌కి ప్రపంచమంతా చెప్పుకునే పేరది. రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ల మీద డైవింగ్ చోట్ల పేర్లు రాసి ఉంటాయి. ట్రక్కులో సిలిండర్లు వేసుకుని వెళ్లి, నచ్చిన చోట ఆపి, నీళ్లలోకి నడిచిపోవచ్చు. ఇంత స్వేచ్ఛ ఉన్న చోట నియమాలూ అంతే గట్టివి. 1979లోనే దీవి చుట్టూ 60 మీటర్ల లోతు వరకూ సముద్రాన్ని రక్షిత పార్కుగా ప్రకటించారు. పగడపు దిబ్బల మీద లంగరు వేయకూడదు. చేతి తొడుగులు వేసుకోకూడదు. ఉత్త చేతులతో పగడాన్ని పట్టుకోవడానికి ఎవరైనా వెనకాడతారు. ఎంత అనుభవం ఉన్నా, వచ్చిన ప్రతి డైవరూ ముందు ఒక పరిచయ డైవ్ చేసి తీరాలి. ఏడాదికి సెంటీమీటరైనా పెరగని పగడాలున్న చోట, ఒక్క ఫిన్ తాకిడి ఎన్నేళ్ల పెరుగుదలను విరగ్గొడుతుందో లెక్కేసుకుంటే ఆ పట్టింపు ఎక్కువనిపించదు.

అదంతా ప్రకృతి వరం, నియమాలదేముంది అనొచ్చు. సగం నిజమే. గాలులు తూర్పు నుంచి వీస్తాయి గనక పడమటి ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. అదే దీవి తూర్పు ఒడ్డున అలలు విరుచుకుపడతాయి. కానీ నీటి నెమ్మది కొత్తవాణ్ణి ఒడ్డు దాటించగలదు గానీ పగడాన్ని అతని కాళ్ల నుంచి కాపాడలేదు. ఇన్ని నియమాలున్నా 2023లో పగడాలను చంపే తెగులు అక్కడికీ వచ్చింది కదా అనేది ఇంకో మాట. వచ్చింది. తెగుళ్లను ఆపడానికి పెట్టిన నియమాలు కావవి. అయినా పరికరాలు శుద్ధి చేసుకోండని అడిగినప్పుడు డైవర్లకు ఆ మాట చేర్చగలిగే ఏర్పాటు అక్కడ ముందే ఉంది, అందుకు కారణం ఆ నియమాలే.

మన రుషికొండలోనూ స్కూబా ఉంది. అయితే బంగాళాఖాతం అలలు నేరుగా వచ్చి విరిగే తీరమది. లోపలికి లాగే ప్రవాహాలు విశాఖ తీరంలో ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. అక్కడైనా, అండమాన్‌లోనైనా మొదటిసారి దిగబోయేవారు శిక్షకుణ్ణి మొహమాటపడకుండా అడగండి: ఈ రోజు అల ఎలా ఉంది, దిగిన చోట కాకపోతే ఎక్కడ గట్టెక్కాలి, ఊపిరి గురించి చెప్పాల్సిందంతా చెప్పారా? జవాబు తడబడితే ఆ రోజుకి దిగకండి.