పేరు అడిగిన ఆట

2001 చివర్లో అమలాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో నలుగురు కుర్రాళ్లం ఒకే తెర ముందు కూర్చునేవాళ్లం. గంట లెక్కన డబ్బులు పోగేసుకుని ఆడేవాళ్లం. ఆట పేరు ‘బాల్డర్స్ గేట్’. మొత్తం అయిదు సీడీలు. ఒక ప్రాంతం దాటి ఇంకో ప్రాంతంలో అడుగుపెడితే సీడీ మార్చమనేది. ఆట మొదలయ్యే ముందు మన మనిషిని మనమే తయారుచేసుకోవాలి. ఆడా, మగా? ఏ జాతి? ఏ విద్య? మంచివాడా, చెడ్డవాడా, మధ్యరకమా? బలమెంత, తెలివెంత అన్నది పాచికలు తేలుస్తాయి. అన్నీ అయ్యాక చివర్లో పేరు అడుగుతుంది.

ఆ రోజు కీబోర్డు నా ముందుంది. పక్కనున్న మిత్రుడు నవ్వుతూ అన్నాడు: ‘నీ పేరు కొట్టకురా బాబూ, మనోడు మొదట్లోనే విలనయిపోతాడు’. న్యూయార్కులో జంట భవనాలు కూలి అప్పటికి రెండు మూడు నెలలు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ‘రాజా’ అని కొట్టాను. వాడు మా ఇంట్లో ఏటా రంజానుకి షీర్ ఖుర్మా తాగినవాడే. వాడి మనసులో ద్వేషం లేదు. అందుకే ఆ మాట నాకు ఇంకా గుర్తుంది. ద్వేషించేవాడి మాటయితే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.

కంప్యూటర్ ఆటల గురించి మన సాహిత్యకారులు రాయరు. రాస్తే పిల్లలు చెడిపోతున్నారనే రాస్తారు. ఒక తరం కుర్రాళ్లు రాత్రులకు రాత్రులు అందులో ఏం వెతుక్కున్నారో ఎవరూ అడగలేదు. నేను వెతుక్కున్నది చెబుతాను.

ఈ ఆటని కెనడాకి చెందిన బయోవేర్ సంస్థ తయారుచేసింది. 1998 డిసెంబరులో వచ్చింది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట దీనికి తల్లి. అది నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, పాచికలేసుకుంటూ, కథ చెప్పుకుంటూ ఆడేది. కథ చెప్పే ఆ పనిని ఇక్కడ యంత్రం తీసుకుంది.

కథానాయకుడు అనాథ. క్యాండిల్‌కీప్ అనే గ్రంథాలయపు కోటలో గోరియన్ అనే పెద్దమనిషి వాణ్ణి పెంచాడు. బయటివాళ్లు ఆ కోటలోకి రావాలంటే అరుదైన పుస్తకం ఒకటి ఇచ్చుకోవాలి. ఒక రాత్రి గోరియన్ వాణ్ణి తీసుకుని హఠాత్తుగా బయల్దేరతాడు. దారిలో హతమవుతాడు. ఎవరో వెంటాడుతున్నారు. ఎందుకో తెలీదు. చాలా దూరం ఆడాక, చనిపోయిన పెంపుడు తండ్రి రాసిపెట్టిన ఉత్తరం దొరుకుతుంది. నువ్వు హత్యలకు అధిదేవతయిన భాల్ సంతానానివి అని అందులో ఉంటుంది.

ఈ ఆట నన్ను పట్టుకున్నది అక్కడే. వాడు ఏ నేరమూ చెయ్యలేదు. వాడి రక్తమే వాడి నేరం. 2001లోనే వచ్చిన ‘థ్రోన్ ఆఫ్ భాల్’ అనే అనుబంధ భాగంలో అయితే భాల్ సంతానమంటేనే లోకం భయపడుతుంది. ఇది మాకు తెలియని కథా? ఎప్పుడో ఎక్కడో ఏ సుల్తానో ఏదో చేశాడని కొత్తపేటలో కొబ్బరికాయలు వలుచుకునే సాయిబు జవాబు చెప్పుకోవాలి. సరిహద్దులో బాంబు పేలితే రాజోలులో మా ఖాలా పక్కింటివాళ్ల మొహం చూడ్డానికి మొహమాటపడాలి. మంచివాణ్ణని రోజూ రుజువు చేసుకుంటూ బతకడమెలా ఉంటుందో ఆ ఆట నా హిందూ మిత్రులచేత కూడా ఆడించింది. వాళ్లకది అద్భుత కథ. నాకది ఇంటి సంగతి.

ఇంకో సంగతి. ఆటలో పరపతికి ఒక అంకె ఉంటుంది. ఒకటి నుంచి ఇరవై దాకా. మంచి పని చేస్తే పెరుగుతుంది, అమాయకుణ్ణి చంపితే పడిపోతుంది. అంకె బాగుంటే దుకాణంలో సరుకు చవగ్గా ఇస్తారు. మరీ పడిపోతే సిపాయిలు మీద పడతారు. నాకు ఆ లెక్క ఎంతో నచ్చింది. చేసిన పనికి తగ్గ ధర. విజయవాడలో నేను ఇల్లు అద్దెకు వెతుక్కున్నప్పుడు ఒక ఇంటాయన గదులన్నీ చూపించి, అడ్వాన్సు కూడా మాట్లాడి, చివర్లో పేరడిగి, ‘మా చుట్టాలొస్తున్నారండీ’ అన్నాడు. ఆయనకి నా పనులతో పనిలేదు.

అయితే ఆ లెక్కలో ఒక మోసం ఉంది. వికోనియా అనే నల్లజాతి ఎల్ఫ్ స్త్రీ దారిలో కనిపిస్తుంది. డ్రౌ అంటారు వాళ్లని. ఒక సిపాయి ఆమెను చంపడానికి తరుముతుంటాడు. ఆమెను మన గుంపులో చేర్చుకుంటే చాలు, మన పరపతి రెండంకెలు పడిపోతుంది. మనం ఏ తప్పూ చెయ్యలేదు, పక్కన నిలబడ్డామంతే. 2000లో వచ్చిన రెండో ఆటలో ఆమెను నడివీధిలో కొయ్యకు కట్టి కాల్చబోతుంటారు. చుట్టూ గుంపు. మనం విడిపించకపోతే కాలిపోతుంది. సెక్యులర్ మిత్రులారా, మాకోసం మాట్లాడినప్పుడల్లా మీకు పడే ఆ రెండంకెల సంగతి మాకు తెలుసు. మీరే ఎప్పుడూ చెప్పరు.

ఇంతవరకూ ఆట మనవైపే. కానీ వికోనియా గుణగణాల పట్టీ తెరిచి చూడండి. ‘చెడ్డ’ అని రాసి ఉంటుంది. అంటే గుంపు అన్యాయం చేసిందని చూపించిన రచయితలే, ఆమె చెడ్డదన్న గుంపు మాట నిజమేనని కూడా రాశారు. డ్రౌలు చెడ్డవాళ్లు, ఓర్క్‌లు క్రూరులు అన్నది ఆ లోకంలో ప్రకృతి నియమం. ఒకరో ఇద్దరో మంచివాళ్లుంటే వాళ్లు మినహాయింపు. ‘మీరు అందరిలాంటివారు కాదు సాయిబుగారూ’ అని మెచ్చుకుంటారే, ఆ మినహాయింపు.

పాశ్చాత్యుల్ని తిట్టి చేతులు దులుపుకుందామా? మా నానీ చెప్పిన అమీర్ హమ్జా దాస్తాన్‌లోనూ ఇదే ఉంది. అమర్ అయ్యార్ తన మాయసంచి జంబీల్‌లోకి లోకమంతా పట్టిస్తాడు. నవ్వీ నవ్వీ కడుపు నొప్పొస్తుంది. కానీ ఓడినవాడు దీన్ స్వీకరిస్తే బతుకుతాడు, లేకపోతే చస్తాడు. అటువైపున్న మాంత్రికులంతా కాఫిర్లే. తెలుగులో 1951 నాటి ‘పాతాళభైరవి’ చూడండి. తోటరాముడు తోటమాలి కొడుకు. తన పనులతోనే గెలుస్తాడు. అది గొప్ప. కానీ దుర్మార్గుడు మాత్రం బయటి దేశంవాడే కావాలి, నేపాళ మాంత్రికుడు.

అద్భుత కథలు గోడలు కడతాయి. అవే గోడలు దూకుతాయి కూడా. గులేబకావళి కథ పారశీకంలోంచి ఉర్దూలోకి వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం దాన్ని ఉర్దూలో రాసినవాడు నిహాల్‌చంద్ లాహోరీ. 1962లో అది ఎన్టీ రామారావు సినిమా అయింది. గుల్ అంటే పువ్వని తెలియకుండానే కోనసీమ ఆ పువ్వును తన పెరట్లో నాటుకుంది.

ఇదే కోనసీమ 2022 మే 24న ఒక పేరు కోసం తగలబడింది. కొత్త జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు. ఇంటర్నెట్ ఆపేశారు. పేరు ఒక్క సాయిబులకే కష్టమనుకునే నాకు ఆ రోజు బుద్ధొచ్చింది. ఈ గడ్డ మీద కష్టమైన పేర్లు ఇంకా చాలా ఉన్నాయి.

ఆట యజమానులకూ కొంత బుద్ధొచ్చింది. ఓర్క్‌లనీ డ్రౌలనీ పుట్టుదుర్మార్గులుగా చూపడం నిజ జీవితంలో కొన్ని జాతులపై పడ్డ నిందలకు నకలేనని 2020లో ఒప్పుకున్నారు. 2024 నాటి నియమ గ్రంథంలో ‘రేస్’ అన్న మాటనే తీసేశారు. మాట మార్చినంత మాత్రాన మనసు మారుతుందా అంటారు. మారదు. కానీ మాట దగ్గరైనా మొదలెట్టాలి కదా.

ఈమధ్య మా అబ్బాయితో కలిసి ఆ పాత ఆటే మళ్లీ మొదలుపెట్టాను. వాడు జాతుల పట్టీ అంతా చూసి, ‘అబ్బా, ఇందులో డ్రౌ లేదేం?’ అన్నాడు. వాళ్లను ఎంచుకోనివ్వరు బేటా, 2023లో వచ్చిన మూడో ఆటలో అయితే ఎంచుకోవచ్చు అన్నాను. అప్పుడు పేరు అడిగింది. వాడు నావైపు చూడనైనా చూడకుండా తన పేరే కొట్టేశాడు. మొదటి దుకాణంలోకి వెళ్లాం. అంగడివాడు అందరికీ చెప్పే ధరే చెప్పాడు.