పోయిన షేర్లూ లెక్కలోకి రావాలి

బ్యాంకు షేర్ల మాట వస్తే మనవాళ్ల నోట ముందుగా వినిపించే పేరు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్. 1995లో పబ్లిక్ ఇష్యూలో పది రూపాయలకు దొరికిన షేరు అది. అప్పట్లో వెయ్యి రూపాయలతో 100 షేర్లు తీసుకుని కదపకుండా ఉంచుకున్నవారికి 2011 షేరు విభజనతో అవి 500 అయ్యాయి. 2019 విభజనతో 1,000, 2025లో ఒకటికి ఒకటి బోనస్‌తో 2,000 అయ్యాయి. ఈ సంగతి తెలియనివాళ్లు బోనస్ సర్దుబాటుతో ధర సగమైన రోజున షేరు కుప్పకూలిందని కంగారుపడతారు.

అందుకే షేర్లను పోల్చేటప్పుడు నేను ధరతో మొదలుపెట్టను. కాగితం మీద నాలుగు గళ్లు గీస్తాను: కొన్న తేదీ, పెట్టిన డబ్బు, ఇప్పుడు చేతిలో ఉన్న షేర్లు, మధ్యలో అందిన డివిడెండ్లు. అదే డబ్బు అదే రోజున నిఫ్టీలో పెట్టి ఉంటే ఎంతయ్యేదో పక్కనే రాస్తాను. ఆ నిఫ్టీ కూడా డివిడెండ్లు కలిపిన టోటల్ రిటర్న్ సూచీ అయి ఉండాలి. మ్యూచువల్ ఫండ్లు 2018 ఫిబ్రవరి నుంచి ఈ తరహా సూచీలతోనే పోల్చుకోవాలని సెబీ ఆదేశించింది. ఫండ్ మేనేజరుకు పెట్టిన నియమం మన ఇంటి లెక్కకూ ఉండాలి.

తేదీ మారితే తీర్పు మారిపోతుంది. అదే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ షేరు 2021 మొదట్లో 1,400 రూపాయల చుట్టుపక్కల ఉండేది. 2024 ఫిబ్రవరిలోనూ అక్కడే ఉంది. ఆ మూడేళ్లలో నిఫ్టీ 14,000 నుంచి 21,000 దాటిపోయింది. 1995లో కొన్నవారి లెక్క, 2021లో కొన్నవారి లెక్క రెండూ నిజమే. అందుకే ఒక్క తేదీ పట్టుకుని ఏ షేరుకూ కితాబు ఇవ్వకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, పోయినవాటిని కూడా వరుసలో నిలబెట్టడం. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ లాంటి ప్రైవేటు బ్యాంకులకు తలుపులు తెరిచిన విడతలోనే మన సికింద్రాబాద్ కేంద్రంగా గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్ వచ్చింది. 2004 జులైలో దానిపై మారటోరియం పడింది. ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశాక డిపాజిటర్ల సొమ్ము దక్కింది, వాటాదారులకు మాత్రం ఒక్క షేరూ రాలేదు. అదే విడతలో వచ్చిన టైమ్స్ బ్యాంక్ పేరు 2000లోనే కనుమరుగైంది.

పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో నాటిన ఆంధ్రా బ్యాంక్ సంగతీ చూడండి. 2006లో 90 రూపాయల చొప్పున షేర్లు అమ్మింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు 1,000 షేర్లకు 325 యూనియన్ షేర్లు వచ్చాయి. అప్పుడు యూనియన్ షేరు ముప్పై రూపాయలు కూడా లేదు. అంటే 90 వేలు పెట్టిన చోట చేతిలో మిగిలింది పది వేల లోపు, అదనంగా ఆ పద్నాలుగేళ్లలో వచ్చిన డివిడెండ్లు. ఊరి మీద, పేరు మీద అభిమానంతో ఆ షేర్లు దాచుకున్న కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి.

బ్యాంకు షేరు మిగతా షేర్ల వంటిది కాదు. బ్యాంకు తన పెట్టుబడికి ఎన్నో రెట్ల అప్పులిస్తుంది. వాటిలో కొద్ది భాగం మునిగినా ముందు కరిగేది వాటాదారుడి సొమ్మే. అందుకే మందుల కంపెనీ షేరుతోనో సాఫ్ట్‌వేర్ షేరుతోనో పోల్చేటప్పుడు లాభాల శాతం ఒక్కటే చూడటం చాలదు. మొండి బాకీలు ఎంత, చేతిలో మూలధనం ఎంత అన్నది కూడా చూడాలి.

ఇకమీదట ఎవరైనా ముప్పై ఏళ్ల గ్రాఫు చూపించి ఫలానా బ్యాంకు షేరు కొనమంటే, ఆ ఏడాదే మొదలైన మిగతా బ్యాంకులు ఏమయ్యాయో అడగండి. జవాబు రాకపోతే డబ్బు తీయకండి.