కేస్‌షీట్‌లో లేని పని

మన వైద్య విద్యార్థి కథలు శవాన్ని కోసే గదిలో మొదలై హాస్టల్లో ముగుస్తాయి. భయం, వైవా, రాత్రి డ్యూటీ, కాస్త ప్రేమ. అవి అబద్ధాలనను. కొమ్మూరి వేణుగోపాలరావు 'హౌస్ సర్జన్' నవలతో ఆ లోకాన్ని ఎప్పుడో చూపించారు. రోగి మాత్రం మన కథకులకు ఇంకా మంచం నంబరే.

మొన్న ఒక యువ రచయిత రాతప్రతిని బీబీపేటలో బీడీలు చుట్టే స్త్రీల మధ్య చదివాను. దగ్గుతో వచ్చినామె కేస్‌షీట్‌లో విద్యార్థి 'వృత్తి: గృహిణి' అని రాసుకుని స్టెతస్కోపు అందుకుంటాడు. వింటున్న ఒకామె చాట మీంచి తలెత్తకుండానే "గంత దగ్గు ఉత్తగనే వచ్చిందా? ఏం పని చేస్తదో అడగలే?" అన్నది. తునికాకు, తంబాకు దుమ్ము, వెయ్యి బీడీల లెక్క అన్నీ ఆ 'గృహిణి' అన్న మాట కింద పడిపోయాయి. విమర్శకుడిగా నాకు తట్టని లోపం అది. దాన్ని శిల్ప లోపమని సరిపెట్టుకోలేం.

2023లో కామారెడ్డికే ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. మొదటి సంవత్సరం నుంచే విద్యార్థులు పల్లె కుటుంబాలను 'దత్తత' తీసుకోవాలని పాఠ్యక్రమం చెబుతున్నది. (ఎవరు ఎవరికి దత్తతో!) ఆ ఇంట్లో ఆమె ఆకు కత్తిరిస్తూనే జవాబులు చెబుతుంది, చెయ్యి ఆగితే కూలి తగ్గుతుంది. ఆ చెయ్యిని చూసి విద్యార్థి పెన్ను ఆగిన కథ నాకింకా కనబడలేదు. రాతప్రతిని రచయితకు తిప్పి పంపాను, ఆమె ప్రశ్నను మార్జిన్‌లో రాసి.