మండెడు మంచు: ఆశయు, భయమును

కృష్ణా గోదావరీ ముఖద్వారముల కెదుట, బంగాళాఖాతపు అడుగున, 2006వ సంవత్సరపు త్రవ్వకములలో మీథేన్ హైడ్రేట్ బయల్పడెను. ఒకచోట అది సుమారు 130 మీటర్ల మందమున కనబడెను. దీనిని గూర్చిన వ్రాతలు రెండు దారుల నడచుచున్నవి. కొన్ని దీనిని తరుగని గని యనును. కొన్ని ప్రళయహేతు వనును. రెండింటను సత్యము కొంత, అతిశయోక్తి మరికొంత.

నీటి అణువులు పంజరమువలె అమరి మీథేన్ అణువును బంధింపగా ఏర్పడిన ఘనపదార్థమే హైడ్రేట్. చలియు, అధిక పీడనమును ఉన్నంతవరకే అది నిలుచును. అవి తొలగిన, ఒక ఘనపు మీటరు హైడ్రేట్ నుండి సుమారు 160 ఘనపు మీటర్ల వాయువు వెలువడును.

గని యను వాదము పరిమాణమును చూచి, స్వభావమును మరచినది. ఆ 130 మీటర్ల పొర బంకమట్టి. హైడ్రేట్ దాని పగుళ్ళలో నున్నది. బంకమట్టిగుండ వాయువు సులభముగ ప్రవహింపదు. ఇసుకపొరలు ఇందుకు మేలు. అట్టివి 2015లో ఈ ప్రాంతముననే కనబడినవి. కాని ఇసుకతోను చిక్కు గలదు. 2013లో జపాను తన తీరమున పీడనము తగ్గించి వాయువు తీయగా, బావిలోనికి ఇసుక చొరబడి ఆరు దినములకే పని ఆగెను. పైగా, హైడ్రేట్ విడిపోవునపుడు పరిసరముల వేడిని గ్రహించును. పొర చల్లబడి ఉత్పత్తి మందగించును. చైనా 2020లో 30 దినములలో 8,61,400 ఘనపు మీటర్లు తీసినను, సముద్రగర్భ హైడ్రేట్ నుండి వ్యాపారసరళి ఉత్పత్తి నేటికిని ఏ దేశమునను లేదు.

ప్రళయవాదమునకు ఆధారము లేకపోలేదు. ఇరువది సంవత్సరముల లెక్కలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 80 రెట్లు వేడిని పట్టియుంచును. కాని హైడ్రేట్‌లో అధికభాగము లోతైన సముద్రపు మట్టిక్రింద నున్నది. భూతాపము అచ్చటికి చేరుటకు శతాబ్దములు పట్టును. వెలువడిన వాయువులో చాలభాగమును మట్టిలోను, నీటిలోను ఉండు సూక్ష్మజీవులు గాలి చేరకముందే హరించును.

రెండు వాదములును అసలు ప్రశ్నను దాటవేసినవి. హైడ్రేట్ తనంత పైకి వచ్చుట కంటె, మానవుడు దానిని వెలికితీసి మండించుటయే దగ్గరి అపాయము. సమానమైన వేడికి మీథేన్ నుండి వచ్చు బొగ్గుపులుసు వాయువు బొగ్గునుండి వచ్చుదానిలో ఇంచుమించు సగము. బొగ్గునకు బదులుగ వాడి, బావినుండియు గొట్టములనుండియు కారిపోకుండ చూచిన కొంత మేలు. బొగ్గునకు తోడుగ వాడిన కీడే. "ఎంత ఉన్నది?" అను ప్రశ్నతో ఆగక, "ఎంత తీయగలము? దేనికి బదులుగ?" అని విద్యార్థులచే అడిగించుట ఉపాధ్యాయుల పని.