అడుగు చూసి కొనేవాళ్ళు

పాత చైనా పింగాణి తెలిసినవారి చేతికి ఒక గిన్నె ఇచ్చి చూడండి. మీది నీలిరంగు డ్రాగన్ సంగతి తర్వాత, ముందు గిన్నెను బోర్లిస్తారు. అడుగున పూత లేని సన్నటి అంచు ఒకటి ఉంటుంది, గిన్నె నిలబడేది దాని మీదే. దాన్ని వేలితో తడుముతారు. యోంగ్‌జెంగ్ చక్రవర్తి కాలంలో (1723–35) ఆ అంచును నున్నగా, గుండ్రంగా తీర్చేవారు. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందరి యువాన్ వంశ కాలపు పాత్రలకైతే అడుగంతా పూత లేకుండానే ఉండేది చాలావరకు. మట్టిలోని ఇనుము వల్ల అక్కడక్కడ ఎర్రబారేది కూడా. బొమ్మను చూసి బొమ్మ వేయడం చెయ్యి తిరిగిన చిత్రకారుడికి పెద్ద పని కాదు. అడుగు చెక్కేవాడు మాత్రం తన కాలపు అలవాటు ప్రకారమే చెక్కుతాడు.

ఆ అంచుకు పూత పూస్తే పాత్ర బట్టీలో కింది మట్టిపెట్టెకు అతుక్కుపోతుంది. అందుకే వదిలేస్తారు. జియాంగ్‌షీ రాష్ట్రంలోని పింగాణి ఊరు జింగ్‌డెజెన్‌లో వాడే సరుకు ముఖ్యంగా రెండు రకాలు. దగ్గర్లోని గావోలింగ్ ఊరి పేరుతో లోకమంతా పిలిచే కేవొలిన్ అనే తెల్లమట్టి ఒకటి, ఏటినీటి బలంతో ఆడే రోకళ్ళ కింద దంచిన పింగాణి రాయి మరొకటి. మట్టి ఆకారాన్ని నిలబెడుతుంది. రాయి సుమారు 1300 డిగ్రీల వేడికి కరిగి, గాజులా మారి సందులన్నీ పూడుస్తుంది. అందుకే పింగాణి నీళ్ళు పీల్చదు, వేలితో మీటితే ఖంగుమంటుంది, పల్చటి గిన్నెను దీపానికి అడ్డం పెడితే వెలుతురు ఇవతలికి వస్తుంది. సారె మీద తీర్చేది ఒకరు, చెక్కేది ఒకరు, గీత గీసేది ఒకరు, రంగు నింపేది ఇంకొకరు. ఒక్కో పాత్ర 70 మంది చేతులు మారుతుందని తనకు చెప్పారని ఫ్రెంచి పాద్రీ దాంత్రకోల్ 1712లో ఒక ఉత్తరంలో రాశాడు.

నీలం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పచ్చిపాత్ర మీద కోబాల్ట్‌తో బొమ్మ వేసి, పైన పూత పూసి, రెంటినీ కలిపి ఒకేసారి కాలుస్తారు. పచ్చిమట్టి రంగును వెంటనే పీల్చేస్తుంది కాబట్టి దిద్దుకునే వీలుండదు. 15వ శతాబ్దపు తొలినాళ్ళలో పైదేశాల నుంచి తెప్పించిన కోబాల్ట్‌లో ఇనుము ఎక్కువ. అది కుంచె ఆగినచోటల్లా నల్లటి మచ్చలుగా పేరుకుని పూతలోకి దిగేది. నిజానికి అది లోపం. మూడు వందల ఏళ్ళ తర్వాత రాజబట్టీల పనివాళ్ళకు ఆ లోపమే అందంగా కనబడింది. వాళ్ళ కోబాల్ట్ అలా మచ్చలు పడేది కాదు. అందుకని కుంచెతో చుక్క మీద చుక్క పెట్టి మచ్చలు తెప్పించారు. భూతద్దం పెడితే ఆ చుక్కలు వరసగా, బుద్ధిగా కూర్చుని కనిపిస్తాయి. వాటిని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, వాళ్ళ ఓపిక మీద గౌరవమూ కలుగుతుంది.

అడుగున రాసిన ఆరు అక్షరాల రాజముద్రను చదవడం వస్తే చాలు, కాలం తెలిసిపోతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. కానీ 1677లో జింగ్‌డెజెన్ అధికారి ఒకడు కాంగ్‌షీ చక్రవర్తి పేరును పాత్రల మీద రాయకూడదన్నాడు. పాత్ర పగిలితే పేరు ఎవరి కాలికిందైనా పడుతుందని భయం. అప్పుడు పనివాళ్ళు ఉత్త వలయాలు గీశారు, ఆకు బొమ్మలు వేశారు, లేదా రెండు వందల ఏళ్ళ కిందటి చెంగ్‌హువా చక్రవర్తి పేరు రాశారు. 19వ శతాబ్దం చివరికి కాంగ్‌షీ పేరే పాత గొప్పతనమై కొత్త పాత్రల మీదికి ఎక్కింది. వీటన్నిటినీ నకిలీలని కొట్టిపారేయడం తొందరపాటు. కొన్ని పేర్లు పెద్దల పనితనానికి దండం పెట్టి రాసినవి, కొన్ని అమ్ముకోవడానికి రాసినవి. చెంగ్‌హువా పేరున్న కాంగ్‌షీ గిన్నె, కాంగ్‌షీ గిన్నెగా మేలైనదే కావచ్చు.

రాతను నమ్మాల్సిన సందర్భమూ ఉంది. బొంబాయిలో పుట్టిన పెర్సివల్ డేవిడ్ విడివిడిగా కొని జతచేసిన రెండు పొడవాటి కూజాల మెడ మీద, ఒక భక్తుడు గుడికి సమర్పించినట్టు 1351 నాటి తేదీతో సహా రాసి ఉంది. 1929లో పండితుడు హాబ్సన్ వాటి గురించి ప్రచురించాడు. ఆ కాలానికే నీలిపని అంతగా పండిందంటే వెంటనే ఒప్పుకోవడం పండితులకు కష్టమైంది. 1950ల్లో మరో పండితుడు జాన్ పోప్ ఇస్తాంబుల్ తోప్‌కాపీ రాజభవనంలోని పాత్రలను, ఇరాన్ అర్దబీల్ దర్గాకు షా అబ్బాస్ ఇచ్చిన పాత్రలను ఈ జతతో పోల్చాడు. శతాబ్దాలుగా అక్కడే ఉండి ఎవరూ పోల్చుకోని యువాన్ పింగాణి అలా బయటపడింది. సేకరణకు విలువ ఉందంటే నేను చూపించేది దీన్నే, వేలంపాట ధరల్ని కాదు.

ధరలు మాత్రం తల తిప్పేలా ఉంటాయి. 2014లో హాంకాంగ్‌లో చెంగ్‌హువా కాలపు కోళ్ళ బొమ్మల చిన్న కప్పు 28 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది. కొన్న ల్యూ యీచియన్ అందులో టీ తాగితే జనం తిట్టిపోశారు. కప్పు ఉన్నది తాగడానికే కదా! అమెరికాలో ఒక ఇంటి ముంగిట 3 డాలర్లకు కొన్న సోంగ్ వంశ కాలపు గిన్నె 2013లో 22 లక్షల డాలర్లకు పోయింది. ఇలాంటి వార్తలు చదివి బజారుకెళ్ళినవాళ్ళే ఎక్కువ మోసపోతారు. అడుగు చూసే అలవాటు మోసగాళ్ళకూ తెలుసు. పగిలిన పాత పాత్ర అడుగుకు కొత్త ఒళ్ళు అతికిస్తారు. వయసు తేల్చే పరీక్షకు పొడి తీసేదీ తరచుగా అడుగు నుంచే కాబట్టి అక్కడా గట్టెక్కవచ్చు.

అందుకే మొదట మ్యూజియాలు చూడాలి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో మూడో సాలార్‌జంగ్ సేకరించిన చైనా పింగాణి ఉంది. అక్కడ ఆకుపచ్చ సెలడాన్ పాత్రల ముందు ఇంకాస్త ఎక్కువసేపు నిలబడండి. విషం కలిపిన తిండి పెడితే ఇలాంటి పళ్ళెం పగిలిపోతుందని ఒకప్పుడు మన దేశపు దర్బారుల్లో నమ్మేవారు. ఆ తర్వాత కొనదలిస్తే, నమ్మకమైన చోట పాత పెంకులు కొనండి. విరిగిన అంచున మట్టి, నీలం, పూత పొరలు పొరలుగా కనిపిస్తాయి. జింగ్‌డెజెన్‌లో రాజుకు పనికిరాదని పగలగొట్టి పూడ్చిన పాత్రలను 1980ల నుంచి తవ్వి, ముక్కలు అతికించి, పండితులు చదువుతున్నది కూడా ఇలాగే.